ఇంకొకరి గోడ మీద ఎంతకాలం రాస్తాం?

మన సరిహద్దు తెలుగువాళ్ళ సభల్లో ఒక వాదన ఏళ్ళ తరబడి మారకుండా వినిపిస్తోంది. బడిలో తెలుగు లేదు, అంగట్లో తెలుగు పత్రిక దొరకదు, పిల్లలకు లిపి రాదు, కాబట్టి ముందు తెలుగు బడి రావాలి, తక్కినవన్నీ తర్వాత అని. అడిగే పెద్దలు అడుగుతూనే ఉన్నారు, వినే సర్కారు వింటూనే ఉంది. ఈలోగా చిక్కబళ్ళాపురంలో, చింతామణిలో, బాగేపల్లిలో ఒక తరం పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారు. బెంగుళూరు పోయి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. అమ్మతో తెలుగు మాట్లాడతారు, కన్నడంలో చదువుతారు, ఇంగ్లీషులో జీతం తెచ్చుకుంటారు. వాళ్ళ చేతిలో ఉన్న ఆ విద్యను మన భాషకు వాడుకుందామని మాత్రం మన సభల్లో ఎవరూ అనరు. ఎవరైనా అంటే, "సాహిత్య సభలో కంప్యూటర్ గోల ఏమిటండీ" అని కూర్చోబెడతారు.

ఆ గోల చేయడానికే ఈ వ్యాసం. నేను చెప్పదలచింది ముందే సూటిగా చెప్పేస్తాను. ఈ మూడు తాలూకాల్లో తెలుగు ఇంటి పిల్లలకు తమ చేత్తో ఒక వెబ్ పేజీ రాసుకునేపాటి హెచ్‌టీఎంఎల్ నేర్పాలి. తెలుగు లిపితో కలిపి నేర్పాలి. తెలుగులోనే నేర్పాలి. ముందు లిపి, ఆ తర్వాత యంత్రం అని వాయిదా వేసుకుంటూ పోతే రెండూ రావు.

హెచ్‌టీఎంఎల్ పేరు వినగానే బెదిరిపోయే పెద్దలకోసం రెండు మాటలు. అచ్చుకు పంపే రాతప్రతి మీద సంపాదకుడు పెన్సిలుతో గుర్తులు పెడతాడు చూడండి, ఇది శీర్షిక, ఇక్కడ పేరా విడగొట్టు, ఈ మాట లావుగా వెయ్యి అని. హెచ్‌టీఎంఎల్ చేసేదీ అదే పని. కోణాకారపు రెండు బ్రాకెట్ల మధ్య 'పి' అని రాస్తే పేరా మొదలు. అదే అక్షరానికి ముందు ఒక ఏటవాలు గీత చేర్చి మళ్ళీ రాస్తే పేరా ముగింపు. 'హెచ్' పక్కన ఒకటి వేస్తే పెద్ద శీర్షిక, రెండు వేస్తే దానికన్నా చిన్నది. 'ఎ' అనే గుర్తు ఒక పేజీనుంచి ఇంకో పేజీకి వేసే దారి. ఇలాంటి గుర్తులు మొత్తం వంద పైచిలుకు ఉన్నాయి. మన పనికి పదిహేను చాలు. గుణింతాలూ ఒత్తులూ నేర్చిన మనవాళ్ళకు పదిహేను గుర్తులు బరువైపోతాయా?

దీనికి ఖరీదైన సరంజామా కూడా అక్కర్లేదు. ప్రతి కంప్యూటర్లోనూ నోట్‌ప్యాడ్ లాంటి సాదా పనిముట్టు ఒకటి ఉంటుంది. అందులో రాసి దాచుకున్న పేజీని ఇంటర్నెట్ లేకుండానే తెరిచి చూసుకోవచ్చు. ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బర్నర్స్-లీ 1989లో ఈ వెబ్ అనే ఆలోచనను కాగితం మీద పెట్టాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాతపూర్వకంగా ప్రకటించింది. పైగా దీనిలో ఇంకో సుగుణం ఉంది. ఏ పేజీ తెరిచినా, దాన్ని ఎలా రాశారో మూలం చూపించమని బ్రౌజర్ని అడగవచ్చు. వంటావిడ వంటింటి తలుపు తీసి పెట్టి వండుతున్నట్టు. గురువు దొరకని ఊళ్ళో ఉన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఇంత శ్రమ దేనికి? ఫేస్‌బుక్ ఉంది, వాట్సాప్ ఉంది, అందరూ అక్కడే రాస్తున్నారుగా" అనేవాళ్ళు ఉన్నారు. అయ్యా, ఫేస్‌బుక్‌లో వాళ్ళే దానికి గోడ అని పేరు పెట్టారు. మరి ఆ గోడ ఎవరిది? ఇల్లుగలాయన సున్నం కొట్టించుకుంటే మనం రాసిన బొమ్మ ఏమవుతుంది? ఈ ముచ్చట జరిగి కూడా ఎంతోకాలం కాలేదు. జియోసిటీస్ అనే చోట లక్షలమంది సొంత పేజీలు పెట్టుకున్నారు. 2009 అక్టోబరులో యాహూ దాన్ని మూసేసింది. మన కుర్రవాళ్ళు పొద్దస్తమానం తెలుగు కబుర్లు రాసుకున్న ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న గూగుల్ మూసేసింది. అదే గూగుల్ పెట్టిన ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది. అక్కడ కవిత రాసుకున్నవాడు మళ్ళీ వెళ్ళి చూస్తే తాళం!

సొంత పేజీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. నేను హెచ్‌టీఎంఎల్‌లో రాసిన పేజీ నా దగ్గర ఒక ఫైలుగా ఉంటుంది. ఉచితంగా చోటిచ్చే గిట్‌హబ్ లాంటి జాగాలో పెడతాను. రేపు వాడూ మూస్తే అదే ఫైలు తీసుకుపోయి సాయంత్రానికల్లా ఇంకోచోట పెడతాను. పెన్‌డ్రైవ్‌లో వేసి మురుగమల్లలోని మా బావకు ఇస్తే ఆయనా తెరిచి చదువుతాడు. సెర్న్‌వాళ్ళు 1990ల మొదట్లో రాసిన తమ తొలి పేజీలను 2013లో మళ్ళీ పాత చిరునామాలోనే నిలబెట్టారు. అవి ఈనాటి సెల్‌ఫోనులోనూ తెరుచుకుంటున్నాయి. మన చిన్న పత్రికలవాళ్ళు అదే రోజుల్లో డీటీపీ చేయించిన ఫైళ్ళు ఇవాళ ఎన్ని తెరుచుకుంటాయి? పేజ్‌మేకర్ 2001లో వచ్చిన ఏడో రూపంతో ఆగిపోయింది. ఆనాటి తెలుగు ఫాంట్లు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క తీరు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు వేషం. ఫాంటు పోతే వేషం ఊడి, ఎవరికీ అర్థంకాని ఇంగ్లీషు గీతలు మిగులుతాయి. ఇరవై ఏళ్ళ సంచికలను మళ్ళీ ఎవరు కూర్చుని టైపు కొడతారు?

వాట్సాప్ సంగతి సరేసరి. పత్రికలో వచ్చిన కథను ఫోటో తీసి గుంపులో పడేస్తారు. ఆ ఫోటోలో ఉన్న మాటను వెతికితే దొరకడం కష్టం. చూపులేనివాళ్ళకు చదివి వినిపించే పనిముట్టుకు అది బొమ్మ మాత్రమే. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షరసంకేతానికి మూడు బైట్లు పడుతుంది. ఆ లెక్కన ఈ వ్యాసమంతా కలిపినా సుమారు యాభై కిలోబైట్లు. ఫోనుతో ఫోటో తీస్తే ఒక్క పుటకే దానికి ఎన్నో రెట్లు అవుతుంది. అంత బరువు మోసి కూడా బొమ్మ మిగులుతోంది గానీ అక్షరం మిగలడం లేదు.

ఇక మన పండితమిత్రుల మాట. వాళ్ళ కోపం కంప్యూటర్ మీద కాదు, మన పిల్లల మీద. కన్నడ లిపిలో తెలుగు రాసేవాడు తెలుగువాడెలా అవుతాడని వాళ్ళ ప్రశ్న. ఈ ప్రశ్న మన సీమలో అడగదగ్గది కాదు. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్మి బతికిన నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఆయన తెలుగు పదాలను కన్నడ లిపి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పాడే భజనపరులను మనం ఎరగమా? వాళ్ళు పాడేది తెలుగు కాక మరేమిటి? కడప జిల్లా కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 నాటిదంటారు. దాన్ని చెక్కిన లిపి ఆనాడు తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడిది. ఆ తర్వాతా కొన్ని వందల ఏళ్ళు రెండు భాషలూ ఒకే పలక మీద రాసుకున్నాయి. అన్నదమ్ములు వేరుపడినంత మాత్రాన మన పొలంగట్టు మీద నిలబడి తగువు పెట్టుకోవాలా?

లిపి రాకపోవడం లోటు కాదని నేను అనడం లేదు. లోటే. అయితే ఆ లోటు తీర్చే ఉపాయం యంత్రంలోనే ఉంది, వినండి. యూనికోడ్ అనే ప్రపంచ అక్షరపట్టికలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంది. తెలుగుకు ఇచ్చిన జాగా 3072 నుంచి 3199 వరకు. ఆ పక్క ఇల్లే కన్నడం, 3200 నుంచి 3327 వరకు. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. తెలుగు 'త' 3108, కన్నడ 'త' 3236. తెలుగు 'మ' 3118, కన్నడ 'మ' 3246. ఏ జత తీసుకున్నా తేడా 128. భారతీయ లిపులన్నిటికీ ఒకే వరస పెట్టిన మన దేశపు పాత ప్రమాణాన్నే యూనికోడ్‌వాళ్ళు అనుసరించారు కాబట్టి ఇలా కుదిరింది. దంత్య చ, జ ల వంటి ఒకటి రెండు అక్షరాలకు కన్నడంలో జత లేదు గానీ తక్కినదంతా సాఫీగానే సాగుతుంది. అంటే కన్నడ లిపిలో టైపు చేసిన తెలుగు పాటను తెలుగు లిపిలోకి మార్చాలంటే ప్రతి అక్షరం అంకెలోంచీ 128 తీసేస్తే చాలు. పదో తరగతి పిల్లవాడికి నాలుగు వరసల పని. అవతల నూట ఇరవై ఎనిమిది అంగల దూరంలో ఇల్లుంటే, పిల్లవాడు దారి తప్పిపోయాడని ఇవతల కూర్చుని ఏడుస్తున్నాం మనం!

ఇంకొకటి. హెచ్‌టీఎంఎల్‌లో 'రూబీ' అనే గుర్తు ఉంది. జపానువాళ్ళు కష్టమైన అక్షరం నెత్తిన చిన్న అక్షరాల్లో దాని పలుకు వేసుకుంటారు. అందుకోసం పుట్టిన గుర్తు అది. దాన్ని మనం ఎందుకు వాడుకోకూడదు? కింద తెలుగు అక్షరం, దాని నెత్తిన చిన్నగా కన్నడ అక్షరం. బాగేపల్లి బడిలో కన్నడం చదివే పిల్ల తాతయ్య తత్వాన్నో, అవ్వ చెప్పిన పొడుపుకథనో అలా పది పేజీలు చదివితే పదకొండో పేజీలో నెత్తిమీది అక్షరం చూడనక్కర్లేదు. ఏ సర్కారు ఉత్తరువూ లేకుండా, ఏ మాస్టారి నియామకమూ లేకుండా లిపి వచ్చేస్తుంది. ఆ పేజీని ఆ పిల్లే రాస్తే మరీ త్వరగా వస్తుంది. లిపితో కలిపి నేర్పాలని నేను పట్టుపట్టేది ఇందుకే.

ఇప్పుడు నా అసలు పితూరీకి వస్తాను. ప్రతి వెబ్ పేజీ మొదటి వరసలో ఆ పేజీ ఏ భాషదో చెప్పే చోటు ఒకటి ఉంటుంది. 'లాంగ్' అంటారు దాన్ని. 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ నాలుగో రూపంనుంచీ ఉంది. అక్కడ టి, ఇ అని రెండక్షరాలు వేస్తే తెలుగు. కె, ఎన్ వేస్తే కన్నడం. ఇ, ఎన్ వేస్తే ఇంగ్లీషు. చదివి వినిపించే పనిముట్టు ఏ గొంతుతో చదవాలో, బ్రౌజరు ఏ ఫాంటు తీయాలో దీన్ని చూసి తెలుసుకుంటాయి. కన్నడ లిపిలో రాసిన తెలుగుకు కూడా ఇక్కడ చోటుంది. టి, ఇ వేసి, అడ్డగీత పెట్టి, కన్నడ లిపికి గుర్తుగా కె, ఎన్, డి, ఎ అని నాలుగక్షరాలు చేరిస్తే సరి. భాష తెలుగు, లిపి కన్నడం అని అర్థం. సభల్లో మన పండితులు ఒప్పుకోని సంగతిని ప్రపంచ ప్రమాణం ఎప్పుడో ఒప్పుకుంది!

మరి మనవాళ్ళ పేజీల్లో ఏముంటోంది? సంఘాలవాళ్ళు, గుడి కమిటీలవాళ్ళు బెంగుళూరులో ఎవరికో పదివేలో ఇరవైవేలో ఇచ్చి పేజీ చేయించుకుంటారు. మూలం తెరిచి చూడండి. మొదటి వరసలో ఇ, ఎన్. తయారు నమూనాల్లో ఎక్కువభాగం అలాగే వస్తాయి, ఎవరూ మార్చరు. లోపల అంతా తెలుగు, గుమ్మానికి ఇంగ్లీషువాడి పేరుపలక. కన్నడ లిపిలో రాసిన తెలుగుకు ఏ పలకా కట్టకపోతే యంత్రం అక్షరాలను చూసి కన్నడమనే లెక్క కడుతుంది. జనాభా లెక్కలవాడు ఇంటికొచ్చి, మనం నోరు తెరవకముందే భాష గడిలో కన్నడం అని రాసుకుపోతే సభ పెట్టి తీర్మానం చేస్తాం. మన పేజీలో మనమే మన భాష పేరు రాయకపోతే ఎవరిమీద తీర్మానం చేయాలి?

ఇంగ్లీషు గుర్తులతో రాసేది తెలుగు విద్య ఎలా అవుతుందని ఒకాయన అన్నారు. పదిహేను గుర్తులూ ఇంగ్లీషు అక్షరాలే, నిజమే. సంగీతం నేర్చేవాడు స, రి, గ, మ అంటూ సంస్కృతం నేర్చుకుంటున్నాడా? గుర్తు గుర్తే. గుర్తుల మధ్య ఉండేది మన మాట. కాకపోతే నేర్పే భాష తెలుగు కావాలి. తాలూకా ఊరిలో ఒక కంప్యూటర్ క్లాసులో నేను చెవులారా విన్నాను, తెలుగులో రాస్తే పేజీ రాదని పిల్లలకు చెబుతున్నారు. పేజీలో యూటీఎఫ్-8 అని ఒక్క వరస వేస్తే ప్రపంచంలో ఏ లిపి అయినా వస్తుంది. ఆ వరస చెప్పడానికి బదులు, రాదు అన్న మాట చెప్పి పంపేస్తున్నారు. ఫీజు మాత్రం పూర్తిగా వసూలు చేస్తున్నారు.

"ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది, అడిగితే పేజీ అదే రాసిస్తుంది, నేర్చుకోవడం దేనికి" అన్నది కొత్త పాట. రాసిస్తుంది, కాదనను. ఉత్తరం రాసిపెట్టేవాడు ఊళ్ళో ఉన్నాడు కదా అని మన తాతలు అక్షరం నేర్వలేదు. షావుకారు రాసిన నోటు మీద వేలిముద్ర వేశారు. ఏం రాశాడో చదవలేకపోయినందుకు చేనులు పోయాయి. యంత్రం రాసిచ్చిన పేజీలో టి, ఇ ఉందో ఇ, ఎన్ ఉందో చదువుకోగలిగిన వాడికే ఆ యంత్రం పనివాడు. చదవలేనివాడికి అది షావుకారే.

రాయడానికి ఏముందని అడగకండి. పెన్న, చిత్రావతి, పాపాగ్ని మన నంది కొండల చుట్టుపక్కల పుట్టి తెలుగుదేశానికి పారుతున్నాయి. నీళ్ళు ఇక్కడినుంచి అక్కడికి పోతుంటే మాటలు మాత్రం ఎప్పుడూ అక్కడినుంచి ఇక్కడికే రావాలా? పితికిపప్పు సారు కాచే తీరు, పట్టుపురుగు నాలుగు నిద్రల పేర్లు, చెనిక్కాయలు వలిచేటప్పుడు పాడే పాటలు, ఎండిపోయిన ఒక్కొక్క చెరువు పేరూ, ఆ పేరు వెనకాల కథా. ఇవి మన పాఠ్యపుస్తకంలో లేవు, విజయవాడ పుస్తకంలోనూ లేవు. అవ్వల నోళ్ళలో ఉన్నాయి. అవ్వలు వెళ్ళిపోతున్నారు. ఊరి పేర్లకు కూడా భరోసా లేదు. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన రాష్ట్ర మంత్రివర్గ సమావేశం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని ఆమోదించింది. కొత్త పేరు మంచిదా చెడ్డదా అన్న తగువు నాకు వద్దు. బాగేపల్లి అన్న పేరు ఎలా వచ్చిందో పెద్దలు చెప్పుకునే మాటలన్నీ ఒక పేజీలో రాసి పెట్టినవాళ్ళు మనలో ఎంతమంది? పేరు పోయాక కన్నీళ్ళు కార్చడానికి చాలామంది ఉంటారు.

రాజ్యాంగం మనకు రెండు తలుపులు తెరిచింది. 1956లో ఏడో సవరణతో చేరిన 350-ఎ అధికరణం, చిన్న తరగతుల్లో మాతృభాషలో చదువుకు సదుపాయం కల్పించమని ప్రభుత్వాలకు చెబుతుంది. దానికి అర్జీలు పెట్టాలి, తిరగాలి, అడుగుతూనే ఉండాలి. ఆ పోరాటం మానమని నేను చచ్చినా అనను. కానీ 29వ అధికరణం ఉంది. తమకంటూ ఒక భాష, లిపి, సంస్కృతి ఉన్న జనానికి వాటిని కాపాడుకునే హక్కు ఉందని చెబుతుంది. ఈ హక్కు వాడుకోవడానికి ఎవరికీ అర్జీ పెట్టనక్కర్లేదు. రేపు పొద్దున మొదలుపెట్టవచ్చు. మనం మొదటి తలుపు దగ్గర వరసలో నిలబడి, రెండో తలుపును ఒకసారి నెట్టి కూడా చూడలేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు నెలకొక ఆదివారం ఊరికి రావాలి. చిక్కబళ్ళాపురంలో ఒకచోట, చింతామణిలో ఒకచోట, బాగేపల్లిలో ఒకచోట, పాత కంప్యూటర్లు నాలుగు చాలు, పదిమంది పిల్లలను కూర్చోబెట్టాలి. మొదటి ఆదివారం పేరా, శీర్షిక. రెండో ఆదివారం యూటీఎఫ్-8, లాంగ్. మూడో ఆదివారం దారులు వేయడం. నాలుగో ఆదివారం రూబీ. నాలుగు నెలలు తిరిగేసరికి ప్రతి పిల్లా తన ఇంట్లో అవ్వ చెప్పిన ఒక సంగతిని తెలుగు అక్షరాల్లో, నెత్తిన కన్నడ అక్షరాలతో, ఒక పేజీగా రాసి చూపించాలి. సాహిత్య సభలవాళ్ళు శాలువాల ఖర్చు ఒక్క ఏడాది ఆపుకుంటే ఆ నాలుగు కంప్యూటర్లూ వస్తాయి. మన పత్రిక కూడా పాత సంచికల్లోంచి నెలకొక కథను యూనికోడ్‌లో టైపు చేయించి ఆ పిల్లలకు ఇవ్వాలి. కన్నడ మిత్రులు వచ్చి కూర్చుంటామంటే చాప పరచండి. వాళ్ళ లిపి మన పేజీలో మన అక్షరం నెత్తినే ఉంటుంది, వాళ్ళకు మన లిపి వస్తుంది.

దీనికి ఒప్పుకోని పెద్దలు వచ్చే సంచికలో నాకు జవాబు రాయండి. తిట్టండి, పడతాను. మీ జవాబును మాత్రం నేను ఒక పేజీగా రాసి, మొదటి వరసలో టి, ఇ వేసి పెడతాను.